లైనింగు రాని కోటు

ఆ ఊళ్ళో యూనివర్సిటీ సీటు ఎవరికొచ్చిందో తెలుసుకోవడానికి ఉత్తరం కోసం ఎదురుచూసేవాళ్ళు వెర్రివాళ్ళ కింద లెక్క. తెలిసినవాళ్ళంతా కొలతలమ్మ కొట్టు గుమ్మం మీద కన్నేసి ఉంచేవాళ్ళు.

కొలతలమ్మంటే దర్జీ. అసలు పేరు ఆవిడక్కూడా గుర్తుందో లేదో. యూనివర్సిటీ గేటుకి ఎదురు సందులో కింద కొట్టు, పైన రెండు గదుల ఇల్లు. కొట్లో కత్తెర ఆవిడది, మిషను కోడలిది, ఇస్త్రీ పెట్టె మనవరాలిది. కొడుకు లారీ తోలతాడు. నెలకోసారి వచ్చి కడుపునిండా తిని, కంటినిండా పడుకుని మళ్ళీ బండెక్కేస్తాడు. ఇంట్లో ఏ సంగతి అడిగినా "అమ్మ ఎలా అంటే అలా" అనడం తప్ప ఆ మహానుభావుడికి ఇంకో మాట రాదు.

ఇక యూనివర్సిటీ సంగతి. ఊళ్ళకి ఊళ్ళే అప్లికేషన్లు పెడితే గుప్పెడు మందిని తీసుకునే చోటు అది. తీసుకున్న ప్రతి ఒక్కరికీ మొదటిరోజున ముదురాకుపచ్చ కోటు తొడుగుతారు. ఉత్తరాలు మాత్రం సెలవులు అయిపోవస్తుండగా గానీ పంపరు. కోట్లేమో రాత్రికి రాత్రి పుట్టవు కదా. అందుకని, ఖాయం అనుకున్న పిల్లలకి ఆఫీసు నుంచి ముందే ఒక ఫోను వెళ్ళేది. "దర్జీ దగ్గరికెళ్ళి కోటు కొలతలు ఇచ్చి రండి." అంతే. సీటు వచ్చిందనరు, రాలేదనరు. గట్టిగా అడిగితే "ఉత్తరం వచ్చాకే ఏ మాటైనా" అంటారు. కానీ కొలతలకి పిలిచిన పిల్లకి ఉత్తరం రాకపోవడమనేది ఊళ్ళో ఎవరూ ఎరగరు.

కాబట్టి ఆ నెల రోజులూ కొలతలమ్మ రాణీగారే. సందు మొదట్లో బండి మీద పళ్ళమ్మేవాడు పిలిచి మరీ మంచివి ఏరి ఇచ్చేవాడు. ఎదురింటి ప్లీడరుగారి భార్య, మిగతా పదకొండు నెలలూ కిటికీలోంచి కూడా చూడని మనిషి, ఏదో ఒక జాకెట్టు వంకతో వచ్చి కూర్చునేది. అందరి ప్రశ్నా ఒకటే. ఎవరెవరు వచ్చారమ్మా? కొలతలమ్మ పెదవి విప్పేది కాదు. సుద్ద ముక్క చెవి మీద పెట్టుకుని, కళ్ళజోడు మీదుగా చూసి, "నా టేపు పడ్డ పిల్ల వెనక్కి రాదు. అంతవరకే నాకు తెలుసు" అనేది. ఆ మాటలో ఎంత గీర ఉండేదో విన్నవాళ్ళకే తెలుసు.

ఒక ఏడాది వడ్రంగి పెళ్ళాం కొడుకుని వెంటబెట్టుకొచ్చింది. వాడికి ఫోను రాలేదు. బెంగతో తిండి మానేశాడట. "ఊరికే ఒకసారి టేపు పెట్టండమ్మా, వాడికి కాస్త ధైర్యంగా ఉంటుంది" అంది. కొట్టు నిండా జనం. కొలతలమ్మ టేపు మెడకి చుట్టుకుని, "నా టేపేమన్నా తాయెత్తా, అడిగినవాళ్ళకల్లా కట్టడానికి? ఫోనొస్తే రా. రాకపోతే మీ ఆయన దగ్గర కొలబద్ద ఉందిగా, దాంతో కొలుచుకోండి" అంది. అందరూ నవ్వారు. వడ్రంగి పెళ్ళాం కూడా నవ్వి, కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. మిషను దగ్గరున్న కోడలు మాత్రం నవ్వలేదు. ఆవిడకి అత్తగారి హాస్యం మొదటినుంచీ అరగదు.

అలాంటి కొలతలమ్మ ఇంట్లోనే ఈ ఏడు మనవరాలు అప్లికేషను పెట్టింది. ఆ పిల్లని అందరూ నిచ్చెన అంటారు. పదిహేనేళ్ళకే గుమ్మం తలకి తగిలేంత పొడుగెదిగింది. నిటారుగా నడుస్తుంది, భుజాలు తీర్చినట్టు ఉంటాయి. కోట్లు కుట్టగానే తొడిగి చూడ్డానికి కొట్లో బొమ్మ అక్కర్లేకపోయేది. ఆడపిల్లల కోట్లన్నిటికీ అప్పట్నుంచీ ఆ పిల్ల వంటి మీదే ఇస్త్రీ మడతలు సరిచూసుకున్నారు. ఎన్నిసార్లు తొడిగి విప్పిందో ఆ ఆకుపచ్చ కోటు. ఎప్పుడూ పరాయివాళ్ళదే. చదువులో చురుకే, కానీ ఆ గేటు లోపలికి వెళ్ళేంత చురుకా అంటే ఏమో. ఇంటర్వ్యూకి మాత్రం పిలిచారు. వెళ్ళొచ్చింది. "ఎలా చేశావే?" అంటే "అడిగినవి చెప్పా నానమ్మా, నిలబెట్టి ఫొటో తీసుకున్నారు" అంది.

మధ్యలో నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. ఇది నిజమైన సీటు. రమ్మని కాయితం మీద రాసి పంపారు. శుక్రవారంలోగా వచ్చి సంతకం పెట్టాలి, లేకపోతే తరవాతివాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. నిచ్చెన ఆ కాయితాన్ని మూడు పూటలు చదువుకుంది. దానికి ఆ పనంటే ఇష్టమే. తాతయ్య మంచాన పడ్డప్పుడు మందులూ దుప్పట్లూ అన్నీ అదే చూసింది. కోడలు అప్పుడే మంచి చెప్పులు తుడిచి పెట్టుకుంది, కూతుర్ని తీసుకుని వెళ్దామని.

సరిగ్గా బుధవారం పొద్దున, నిచ్చెన ఇస్త్రీ చేస్తుండగా దాని ఫోను మోగింది. ఆఫీసు గుమాస్తా. ఏళ్ళ తరబడి కొట్టుకి బట్ట తెచ్చేదీ, పిల్లలకి ఫోన్లు చేసేదీ ఆయనే. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు కాబట్టి మెల్లగాయన అని పేరు పడిపోయింది. "అమ్మాయ్, కోటు కొలతలు ఇచ్చి రావాలమ్మా, దర్జీ దగ్గరికెళ్ళి" అన్నాడు.

"దర్జీ కొట్లోనే ఉన్నానండీ" అంది నిచ్చెన.

కొలతలమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ తరవాత ఆవిడ చేసిన పని చూడండి. మనవరాలి చేతిలోంచి ఇస్త్రీ పెట్టె లాక్కుని పక్కన పెట్టింది. "పైకెళ్ళి మొహం కడుక్కుని, మంచి బట్టలు కట్టుకుని, వెనక గుమ్మంలోంచి సందు చివరిదాకా వెళ్ళు. అక్కణ్ణుంచి నడుచుకుంటూ ముందు గుమ్మంలోంచి రా. అందరూ వచ్చినట్టే రా" అంది.

"నానమ్మా, సిగ్గుగా ఉంటుంది."

"ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ పిల్లలు వస్తే చూశాను. నా పిల్ల వస్తుంటే నన్ను చూడనీ."

నిచ్చెన అలాగే వచ్చింది. పళ్ళబండివాడు తూకం ఆపి చూశాడు. ప్లీడరుగారి భార్య కిటికీలోంచి సగం బయటికొచ్చింది. కొలతలమ్మ గుమ్మంలో నిలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, మనవరాలి భుజం మీద టేపు వేసింది. అంకెలన్నీ వీధికి వినబడేలా చదివింది. ఆ రోజు ఆవిడ ఆనందం దొంగది కాదు. అది ఒప్పుకోవాలి.

సాయంత్రానికి బట్ట వచ్చింది. ఎప్పుడూ బట్టా, దాని మడతలో లోపల కుట్టే బూడిదరంగు లైనింగూ, గుండీల పొట్లం కలిపి ఒక మూటగా వస్తాయి. కోడలు మూట విప్పి మళ్ళీ మళ్ళీ వెతికింది. "అత్తయ్యా, లైనింగు రాలేదు."

"మర్చిపోయుంటారు."

"ఎప్పుడూ మర్చిపోలేదే."

"ఇప్పుడు మర్చిపోయారు. నువ్వు కాజాలు చూసుకో."

ఇంకెవరి పిల్లదైనా అయ్యుంటే కొలతలమ్మ అప్పటికప్పుడు ఆఫీసుకి ఫోను చేసి వాళ్ళ దుంప తెంచేది. లైనింగు లేని ఆకుపచ్చ కోట్లు ఆవిడ ఒక్కసారే కుట్టింది, యూనివర్సిటీ వాళ్ళు నాటకం వేసుకున్నప్పుడు. పైకి కనబడితే చాలు, లోపలేముంటే ఎవరిక్కావాలి అని మెల్లగాయనే అప్పుడు చెప్పాడు. ఆ సంగతి ఆ సాయంత్రం ఆవిడకి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చిందాన్ని వచ్చినట్టే వెనక్కి తోసేసింది. బీరువాలో దాచుకున్న మంచి పట్టులాంటి గుడ్డ తీసి, సొంత చేత్తో లైనింగు వేసింది. అలాంటి లైనింగు ఆ యూనివర్సిటీ పుట్టాక ఏ కోటుకీ పడి ఉండదు.

గురువారం రాత్రి భోజనాల దగ్గర కోడలు మెల్లిగా ఎత్తింది. "రేపు నర్సింగు కాలేజీకి వెళ్ళి సంతకం పెట్టేసి వస్తాం అత్తయ్యా. అదీ ఉంటుంది, ఇదీ ఉంటుంది. ఉత్తరం వచ్చాక వదులుకోవచ్చు."

"నా టేపు మీద నమ్మకం లేదా నీకు?"

"టేపు మీద ఉంది. ఆఫీసు మీద లేదు."

"ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా. కొలతలిచ్చాక వెనక్కి తిప్పిన పిల్ల ఒక్కతీ లేదు. దర్జీ కొలతలమ్మ మనవరాలే రెండు చోట్లా కాళ్ళు పెట్టుకుని కూర్చుందని తెలిస్తే ఊళ్ళో నా మాటకి విలువేముంటుంది?"

కోడలు కూతురి వైపు చూసింది. నిచ్చెన కంచంలో వేలితో గీతలు గీస్తోంది. "నానమ్మకి తెలుసు కదమ్మా" అంది చివరికి. కొడుక్కి ఫోను చేస్తే, ఆయన ఏమన్నాడో వేరే చెప్పాలా?

శుక్రవారం నర్సింగు కాలేజీకి కొలతలమ్మే వెళ్ళింది. వెళ్ళకుండా ఊరుకున్నా సరిపోయేది. కానీ అక్కడా చెప్పుకోకపోతే ఆవిడకి నిద్ర పట్టదు. పెద్దమేడం గదిలో నలుగురి ముందు నిలబడి, "మా పిల్లకి కోటు కుడుతున్నానండీ. ఈ సీటు ఎవరైనా గతిలేని పిల్లకి ఇచ్చుకోండి" అంది. పెద్దమేడం కాయితం మీద అడ్డంగా ఒక గీత గీసింది.

కోటు తయారైంది. తొడుక్కుని గేటు దగ్గరికి రమ్మని నిచ్చెనకి మళ్ళీ ఫోను. వెళితే ఫొటోగ్రాఫరు ఉన్నాడు. గేటు పక్కన నిలబెట్టాడు, పుస్తకాలు పట్టుకోమన్నాడు, నవ్వమన్నాడు. ఈ ఫొటోలు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం చెయ్యమంటే నిచ్చెన ఆనందంగా చేసేసింది. కోటు మాత్రం అక్కడే విప్పి ఇచ్చి రమ్మన్నారు. "అందరికీ మొదటిరోజునే కదా ఇస్తారు, పద్ధతి పద్ధతే" అని కొలతలమ్మ దానికీ ఒక కారణం చెప్పింది. వారం తిరక్కుండా "ఇంకా చేరకముందే బొమ్మ తీశారు మా దాన్ని" అని ఆవిడ చెప్పని ఇల్లు ఆ సందులో లేదు. కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు.

ఉత్తరాల రోజు వచ్చింది. నిచ్చెనకి ఉత్తరం కూడా రాలేదు, ఫోనులో మెసేజి వచ్చింది. ఈ ఏడాది అర్హులు ఎక్కువమంది ఉండటం వల్ల, అని మొదలై, మీ భవిష్యత్తు బాగుండాలి, అని అయిపోయింది. నిచ్చెన అది ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే చదివింది. చదివి ఫోను వాళ్ళమ్మ మిషను మీద పెట్టి, ఆపిన చొక్కాని మళ్ళీ ఇస్త్రీ చెయ్యడం మొదలెట్టింది. కోడలు చదివింది. అత్తగారికి చూపించలేదు, చదివి వినిపించింది, ఒక్కొక్క మాటా విడివిడిగా. ఆవిడ అత్తగారితో పనికి సంబంధం లేని మాట మాట్లాడటం అదే ఆఖరు.

కొలతలమ్మ మెడలో టేపుతోనే ఆఫీసుకి పరిగెత్తింది. మెల్లగాయన కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఏదో పొరపాటు జరిగింది బాబూ. మా పిల్ల కొలతలిచ్చింది కదా."

"పొరపాటేం లేదమ్మా. యూనివర్సిటీ గురించి అచ్చేసే పుస్తకం అట్ట మీదకీ, గేటు దగ్గర బోర్డు మీదకీ ఒక బొమ్మ కావాలన్నారు. ఇంటర్వ్యూ రోజు ఫొటోల్లో మీ అమ్మాయి బాగా కుదిరింది. కోటు ఎవరి వంటి మీదా అంత బాగా నిలబడదట." ఆయన నిజంగానే మెచ్చుకుంటున్నాడు.

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా? సీటు కాదు, బొమ్మకని?"

"సీటని మాత్రం నేను చెప్పానామ్మా?" ఎప్పటిలాగే మెల్లగా అన్నాడు. "కొలతలిమ్మన్నాను. ఎవరికైనా అంతే చెప్తాను. పైగా లైనింగు పంపలేదు కదా. మీకు తెలియందేముంది, చూడగానే తెలుసుకుని ఉంటారనుకున్నాను."

  లోకంలో ఇంకెవరన్నా ఆ మాటకి ఎదురు తిరగొచ్చు గానీ కొలతలమ్మ ఎలా తిరుగుతుంది?

రెండు రోజులకి గేటు పక్కన బోర్డు లేచింది. మేడంత బొమ్మ. ఆకుపచ్చ కోటులో నిచ్చెన, చేతిలో పుస్తకాలు, నవ్వుతూ. ఊరికి మెసేజి సంగతి తెలియదు, బొమ్మ సంగతి తెలిసింది. కొట్టు మెట్లెక్కి అభినందించని వాళ్ళు లేరు. వడ్రంగి పెళ్ళాం కూడా వచ్చింది. "మా వాడికి రాకపోతేనేం, మీ పిల్లకి వచ్చింది. కడుపు నిండిందమ్మా" అని నిచ్చెన బుగ్గలు నిమిరి వెళ్ళింది. ఆవిడ మనసులో ఏమీ లేదు, నిజంగానే సంతోషించింది. అదే భరించలేకపోయింది కొలతలమ్మ. రాలేదని చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది.

కోడలు కూతుర్ని తీసుకుని నర్సింగు కాలేజీకి వెళ్ళింది. ఒక పిల్ల మానేసిందనీ, ఒక సీటు ఖాళీగా ఉందనీ ఎవరో చెప్పారు. కొలతలమ్మ పిలవకపోయినా వెనకాలే వెళ్ళింది. పెద్దమేడం ముగ్గుర్నీ చూసి పెన్ను కింద పెట్టింది.

"మీ అమ్మాయి బొమ్మ రోజూ చూస్తున్నాను, బస్సులోంచి. ఇక్కడికెందుకొచ్చారు?"

నిచ్చెన ఫోను తీసి మెసేజి చూపించింది. పెద్దమేడం చదివింది. ఆవిడ మొహం ఒక్క క్షణం మెత్తబడ్డట్టే అనిపించింది. ఆ తరవాత చూపు పిల్ల మీంచి నానమ్మ మీదకి వెళ్ళింది.

"ఖాళీ వచ్చినమాట నిజమే. ఎవరికివ్వాలో మీరే చెప్పారు కదండీ పెద్దమ్మగారూ. గతిలేని పిల్లకి ఇమ్మన్నారు. ఇచ్చేశాను పొద్దున్నే."

కొలతలమ్మ వంగి పెద్దమేడం కాళ్ళు పట్టుకోబోయింది. నిచ్చెన మధ్యలోనే చెయ్యి పట్టుకుని లేపింది. "పద నానమ్మా" అంది. కోపంగా అనలేదు. అని ఉంటే ఆవిడకి కాస్త తేలికయ్యేదేమో.

సెలవులు ఇక రెండు రోజుల్లో అయిపోతాయనగా మెల్లగాయన కవరు పట్టుకుని కొట్టుకొచ్చాడు. అందులో నిచ్చెన తొడిగిన కోటు ఉంది. దాని మీద, చక్కగా మడతపెట్టి, బూడిదరంగు లైనింగు.

"ఒకమ్మాయి చేరనందట. ఆ సీట్లోకి ఇంకో అమ్మాయిని పిలిచారు" అన్నాడు. "కొత్తది కుట్టే టైము లేదు, దీన్నే ఆ పిల్లకి సరిచేసివ్వండి. లోపల మీరేదో వేరే గుడ్డ వేశారు. అది తీసేసి మనది వెయ్యండి."

ఆ పిల్ల మధ్యాహ్నం తల్లితో వచ్చింది. పొట్టిగా, బొద్దుగా ఉంది. అదృష్టం ఇంకా నమ్మలేక గుమ్మంలోనే చెప్పులు విడవాలా వద్దా అని తడబడుతోంది. కొలతలమ్మ టేపు అందుకుంది. అందుకుని అలాగే నిలబడిపోయింది. నిచ్చెన ఇస్త్రీ పెట్టె ఆపి వచ్చి, ఆవిడ చేతిలోంచి టేపు తీసుకుంది.

"నువ్వు కూర్చుని లైనింగు విప్పు నానమ్మా. నేను కొలుస్తా."

భుజం కొలిచింది, నడుం కొలిచింది. అంకెలు చెప్తుంటే కోడలు సుద్దతో బల్ల మీద రాసుకుంది. ఆ పిల్ల తలెత్తి నిచ్చెన మొహంలోకి చూసి, కళ్ళు పెద్దవి చేసింది.

"అక్కా, గేటు దగ్గర బొమ్మలో ఉన్నది మీరే కదూ? మీరు ఏ ఇయరు?"

"చెయ్యి చాపు" అంది నిచ్చెన. చేతి పొడుగు చూసింది. "నాకంటే చాలా తక్కువమ్మా. చేతులు కత్తిరించెయ్యాలి" అని తన తల్లి వైపు తిరిగి చెప్పింది.

పిల్ల తల్లి బల్ల దగ్గరికొచ్చి, కుట్టు విప్పుతున్న కొలతలమ్మ మీదకి వంగింది. "పెద్దమ్మగారూ, ఉత్తరం ఇంకా రాలేదండీ. కొలతలకి పిలిచారంటే ఇక ఖాయమేనా? మీ టేపు పడితే వెనక్కి రాదంటారు ఊళ్ళో."

కొలతలమ్మ ఒళ్ళో పట్టులాంటి గుడ్డ సగం విడిపోయి ఉంది. ఆవిడ తలెత్తలేదు. దారం ముక్కలు ఒక్కొక్కటే తీస్తోంది.

"ఖాయమేనండీ" అంది నిచ్చెన, టేపు చుట్టేస్తూ. "లైనింగు కూడా వచ్చింది."